నౌరూ లెక్క

తిరుపాలుకు ఒక్క జవాబు ఎప్పుడూ సరిపోదు. మీరేం చెప్పినా తల ఊపి, "సరే, అది మొదటిది. రెండోది?" అంటాడు. రెండోది చెబితే మూడోది అడుగుతాడు. మూడోది లేదని మొండికేస్తే మీ ముఖంలోకి జాలిగా చూసి, "ఉంటాదిలే అప్పా, ఎతుక్కో" అంటాడు.

ఖతర్‌లో అల్ రువైస్ రేవు దగ్గర పనిచేసే అరవై మంది తెలుగువాళ్ళకు అతను బస్సు డ్రైవరు. రాయచోటి పక్క మనిషి. చాయ్ దుకాణంలో మలయాళీ అబ్బాయి "కరక్ చాయ్?" అని అడిగితే, "మొదటిది కరక్. అది లేకుంటే పాలు లేని సులేమానీ. అదీ లేకుంటే ఇన్ని మంచినీళ్ళు" అంటాడు. కరక్ కళ్ళముందే పొగలు కక్కుతున్నా సరే, మూడూ చెప్పందే గ్లాసు ముట్టడు. ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్ళి, "మొదటిది మోకాలు, రెండోది నడుము, మూడోది చెవి" అని వరసగా చెప్పాడు. డాక్టరు చెవిలో గులిమి తీసి పంపించేశాడు. "మూడోదన్నా తగ్గింది గదా!" అని వారం రోజులు మురిసిపోయాడు.

ఊళ్ళో ఉన్న భార్య గురవమ్మకూ ఈ బాధ తప్పలేదు. "యెప్పుడొస్తావు?" అని ఆమె ఫోనులో అడిగితే, "మొదటిది రంజాన్‌కు, రెండోది..." అని మొదలుపెడతాడు. "ఆ మూడోది చెప్పు. ముందు రెండూ యెట్లా జరగవు" అంటుంది ఆమె.

ఈ జబ్బు అతనికి నౌరూలో అంటుకుంది. ఖతర్ రాకముందు ఆ ద్వీపంలో ఏదో కంపెనీకి రెండేళ్ళు బస్సు నడిపాడు. పసిఫిక్ సముద్రం మధ్య అదొక దేశం. ఉదయం టిఫిను చేసి బస్సు తీస్తే, ఆ తిన్నది అరక్కముందే దేశమంతా చుట్టి రావచ్చు.

"ఆడ పార్టీలు లేవప్పా. పంతొమ్మిది మంది మెంబర్లు. పంతొమ్మిది మందీ ఎవురికి వారే" అని చెప్పేవాడు.

అతని వెనక సీటు భూమేష్‌ది. జగిత్యాల వైపు మనిషి, ఇనుప కడ్డీలు కట్టే పని. "పార్టీలు లేకుంటే జెండాలెట్ల?" అని అడిగాడోసారి.

"జెండాలు లేవు."

"మరి తిట్టుకునుడెట్ల?"

"పేరు పెట్టి తిట్టుకుంటారు. మర్యాదగా."

అక్కడ ఓటు వేయడమంటే ఒక్క పేరు దగ్గర గుర్తు పెట్టి రావడం కాదట. నిలబడ్డవాళ్ళందరికీ వరస నంబర్లు వేయాలి. ఒక్కరిని వదిలినా చీటీ చెల్లదు. మొదటి నంబరు వేసినవాడికి ఒక ఓటు, రెండో నంబరువాడికి అర ఓటు, మూడో నంబరువాడికి మూడో వంతు. అలా కిందికి ఎంతమంది ఉంటే అన్ని ముక్కలు. "సున్నా ఎవురికీ రాదు" అని చెప్పేటప్పుడు తిరుపాలు కళ్ళు మెరిసేవి. దానికి కారణం లేకపోలేదు. అంతకుముందు ఊళ్ళో వార్డు మెంబరుగా నిలబడితే అతనికి పడింది ఒకే ఒక్క ఓటు, అదీ తనదే. గురవమ్మ ముందే, పోటీలో ఉన్న పక్కింటావిడకు మాటిచ్చేసిందట. "రెండోది రాసేదానికి చోటుండింటే నీ పేరే రాసిందును" అందట. తిరుపాలు ఆ మాటను ఇప్పటికీ నమ్ముతాడు.

క్యాంపులో ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. జులై వచ్చాక నవ్వులు ఆగిపోయాయి.

మొదట బస్సులో ఏసీ పోయింది. డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు రేకుల పెట్టెలో కూర్చున్నట్టే ఉండేది. వారం తిరగకుండా భూమేష్ గదిలో ఉండే నర్సింలు సీట్లోనే స్పృహ తప్పి పడిపోయాడు. ఆసుపత్రిలో రెండు సీసాలు ఎక్కించి పంపారు. ఆ తర్వాత మెస్సులో చల్లనీళ్ళ కూలర్లు రెండింటిలో ఒకటి చెడింది. మిగిలిన ఒక్కదాని దగ్గర తెలంగాణ వాళ్ళు ముందా, కోస్తా వాళ్ళు ముందా అని తోపులాట మొదలైంది. భూమేష్ నెట్టిన నెట్టుకు కోనసీమ దానియేలు మణికట్టు బెణికింది. దానియేలు లాగిన లాగుకు భూమేష్ చొక్కా జేబులోని ఫోను నీళ్ళ బకెట్లో పడింది.

క్యాంప్ ఇన్‌ఛార్జి హమీదుద్దీన్ హైదరాబాదీ. మామూలుగా మెత్తని మనిషి. ఆ రోజు మాత్రం బల్ల ఎక్కి నిలబడ్డాడు. "సునో భాయ్! ఇంకోపారి ఎవడు చెయ్యి లేపినా సరే, వీసా క్యాన్సిల్, సీదా ఎయిర్‌పోర్ట్. తెలంగాణ అని చూడ, ఆంధ్రా అని చూడ. ఖలాస్!"

అప్పటినుంచి మెస్సులో బల్లలు రెండుగా విడిపోయాయి. అటు ముప్పై మంది, ఇటు ముప్పై మంది. మధ్యలో బల్ల ఖాళీ. దాని మీద తిరుపాలు ఒక్కడే కూర్చుని తినేవాడు.

భూమేష్‌కు ఫోను పోయిన బాధ అందరికీ తెలిసినదే కానీ, లోపలి భయం వేరు. ఇంటి దగ్గర ప్రమీలకు ఏడో నెల. రోజూ గొంతు వినకపోతే ఆమెకు నిద్ర పట్టదు, అతనికీ పట్టదు. మర్నాడు బస్సులో ముఖం వేలాడేసుకుని కూర్చుంటే తిరుపాలు అద్దంలోంచి చూశాడు.

"ఏం కావాలప్పా నీకు?"

"ఆ దానియేలు గాని తలకాయ పలగాలె."

"సరే, అది మొదటిది. రెండోది?"

"ఇంటికి పోవాలె. నన్ను సతాయించకు."

"మూడోది?"

భూమేష్ కిటికీ అద్దం మీది దుమ్ములో వేలితో గీతలు గీశాడు. చివరికి, "ప్రమీలతోని మాట్లాడాలె" అన్నాడు.

రెండు రోజుల తర్వాత తిరుపాలు ఒక పాత ఫోను తెచ్చి అతని ఒళ్ళో పడేశాడు. ఎవరో ఊరికి వెళుతూ వదిలేసి పోయారట. భూమేష్ మారు అడగలేదు. ఆ పూటే ప్రమీలతో గంటసేపు మాట్లాడాడు.

ఇంతలో కంపెనీ నుంచి కాగితం వచ్చింది. పనివాళ్ళ కమిటీలో ఈ క్యాంపు తరఫున ఒక మనిషి ఉండాలి. దోహా ఆఫీసులో మేనేజర్ల ముందు కూర్చుని బస్సు గురించి, నీళ్ళ గురించి మాట్లాడాలి. ఎలా ఎన్నుకుంటారో మీ ఇష్టం, శుక్రవారం సాయంత్రానికి ఒక్క పేరు పంపండి అన్నారు.

అటు నుంచి దానియేలు నిలబడ్డాడు. ఇటు నుంచి భూమేష్ నిలబడ్డాడు. మూడో పేరు నర్సింలుది. అతను నిలబడలేదు. హమీదుద్దీన్ టేబుల్ మీది కాగితాన్ని లీవు ఫారం అనుకుని సంతకం పెట్టేశాడు. పేరు వెనక్కి తీసుకొమ్మంటే, "తీస్కుంట గని, మరి నా లీవు?" అని ఫారం పట్టుకుని వదల్లేదు.

బుధవారం సాయంత్రం మెస్సులో మీటింగు పెట్టారు. చేతులెత్తమంటే ముప్పై, ముప్పై. మళ్ళీ లెక్కపెట్టినా అంతే. నర్సింలు కూడా భూమేష్‌కే చెయ్యెత్తాడు. "నాకు నేనెందుకు ఏసుకుంట? నాకు లీవు కావాలె" అన్నాడు.

"చీటీ తీయండి" అని ఒకడు అరిచాడు.

"దొంగ చీటీ తీస్తారు మీరు!"

"ఎవణ్ణిరా దొంగంటున్నావ్?"

కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడైంది. భూమేష్ పిడికిలి తనకు తెలియకుండానే బిగిసింది. ఎదురుగా కట్టు కట్టిన చేత్తో దానియేలు లేచి నిలబడ్డాడు. ఇద్దరి మధ్య పది అడుగులు కూడా లేవు. హమీదుద్దీన్ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఫోను ఎవరికి వెళుతుందో అందరికీ తెలుసు. ఏడో నెల ప్రమీల భూమేష్ కళ్ళముందు మెదిలింది. అయినా వేళ్ళు విడివడలేదు.

అప్పుడు నడిమి బల్ల మీంచి తిరుపాలు గొంతు వినిపించింది. "ఒక్క మాట చెప్తా ఇనండప్పా. నౌరూలో అయితే..."

అరవై మందీ ఒకేసారి మూలిగారు. కానీ అతను అప్పటికే పళ్ళెంలోంచి మూడు ఖుబ్బూస్ రొట్టెలు తీశాడు. ఒకటి అలాగే ఉంచాడు. ఇంకోటి సగానికి తుంచాడు. మూడోదాన్ని మూడు ముక్కలు చేశాడు. "ముగ్గురుండారు గదా. అందరూ మూడు పేర్లూ వరసగా రాయాల. మొదటోనికి ఈ పూర్తి రొట్టె. రెండోవానికి ఈ సగం. మూడోవానికి ఈ ముక్క. ఒక్క పేరు ఇడిసినా చీటీ చెల్లదు."

"దాంతో ఏమవుతుందంట?" అన్నాడు దానియేలు.

"నాకేం తెల్సు? లెక్కపెడితే తెలుస్తాది."

హమీదుద్దీన్‌కు రొట్టెల లెక్క అర్థం కాలేదు గానీ, రెండు రోజులు గొడవ వాయిదా పడుతుందని మాత్రం అర్థమైంది. "మంజూర్! జుమ్మా రోజు, ఖానా అయినంక. తిరుపాలు కంపెనీ మనిషి కాదు, బస్సు కాంట్రాక్టరు మనిషి. ఆయనకు ఓటు లేదు. ఆయనే లెక్కపెడ్తడు" అన్నాడు.

ఆ పూట భూమేష్ పడక మీద కాగితం పెట్టుకుని లెక్క వేశాడు. మనవాళ్ళు ముప్పై మందీ తనకే మొదటిది వేస్తారు. వాళ్ళ ముప్పై దానియేలుకు. అక్కడికి సమానం. వాళ్ళలో ఒకడు తనను మూడో పేరుగా రాస్తే మూడో వంతు వస్తుంది, రెండో పేరుగా రాస్తే అర. అంటే గెలుపంతా ఎదుటివాళ్ళ రెండో నంబరులోనే ఉంది. కాగితం నలిపేశాడు.

"ఏమైందే?" అన్నాడు పక్క మంచం నర్సింలు.

"గెలవాలంటే ఆళ్ళ రూములకు పోయి అడుగాలెనే."

"పోకు. తంతరు."

గురువారం డ్యూటీ దిగాక స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. కోస్తా వాళ్ళుండే బి బ్లాకు గడపలో అతను కనబడగానే లోపల తింటున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఒకడు లేచి తలుపు పక్కకు వచ్చి నిలబడ్డాడు. వెనక్కి దారి లేదు.

"మొదటిది మీ దానియేలుకే ఎయ్యిండ్రి" అన్నాడు భూమేష్ గబగబా. "నేను గది అడుగుత లేను. రెండోది నాకు రాయిండ్రి. బస్సు ఏసీ సంగతి నేనైతే ఇడిచిపెట్ట. మా నర్సింలు పడ్డడు. రేపు మీలో ఎవలన్న పడొచ్చు."

కింది మంచం మీంచి ఫరీదుద్దీన్ అనే పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. గుంటూరు మనిషి, టైల్స్ మేస్త్రీ.

"కూర్చో బాబూ. నిలబెట్టి మాట్లాడితే మాకు మర్యాద కాదు" అన్నాడు. భూమేష్ మంచం అంచున కూర్చున్నాడు. "ఈ కింది మంచం ఎవరిదో తెలుసా? దానియేలుది. నేను పైమంచం ఎక్కలేక అవస్థ పడేవాణ్ణి. మీ తిరుపాలు ఉన్నాడే, ఒకటోది రెండోది అంటూ ప్రాణం తీస్తుంటే, విసుగొచ్చి మూడోదిగా ఈ మాట అనేశాను. ఆ వారమే మంచం మారింది."

"మంచం దానియేలు ఇచ్చిండా?"

"తిరుపాలు వెళ్ళి అడిగాడు, ఆయనిచ్చాడు. అన్నట్టు..." పెద్దాయన తలగడ కింద తడిమి ఒక చార్జరు తీశాడు. "ఇది నీ దగ్గరికి వెళ్ళాల్సింది, ఇక్కడ ఉండిపోయింది. దానియేలు ఫోనుకి ఇదే సరిగ్గా పట్టుద్ది."

భూమేష్ చార్జరు వైపు చూశాడు. జేబులోని ఫోను ఒక్కసారిగా బరువెక్కింది. తల ఊపి బయటికి వచ్చేశాడు.

రెండు బ్లాకుల మధ్య ఇసకలో ఎదురుగా దానియేలు వస్తున్నాడు. అతనూ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఇద్దరూ ఆగిపోయారు.

"మా రూముల్లో ఏం పని?" అన్నాడు దానియేలు.

"నీకు మా రూములల్ల ఏం పని?"

"ఓట్లడగడానికెళ్ళాను."

"నేను గూడ గందుకే."

"ఎన్నొచ్చాయేంటి?"

"చెప్ప."

"అయితే నేనూ చెప్పను." దానియేలు చూపు భూమేష్ చేతిలోని చార్జరు మీద పడింది. వెంటనే ముఖం పక్కకు తిప్పుకుని వడివడిగా వెళ్ళిపోయాడు.

తిరుపాలు బస్సు కడుగుతున్నాడు. భూమేష్ వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. "తిరుపాలన్నా, గీ ఫోన్ ఎవలిది?"

"ఎవురో ఊరికి పోతా ఇడిసిపెట్టినారని చెప్తి గదా."

"దానియేలు ఊరికెన్నడు పోయిండు?"

తిరుపాలు కుళాయి కట్టేశాడు. దొరికిపోయిన వాడిలా బట్టతల తుడుచుకున్నాడు. "నిన్ను అడిగినట్లే వాన్నీ అడిగినాలే. నీ కాలు ఇరగాల అన్న్యాడు."

"రెండోది?" ఆ మాట భూమేష్ నోట్లోంచే వచ్చింది.

"నువ్వు క్యాంపు మారి పోవాలన్న్యాడు."

"మూడోది?"

"చేతి కట్టు ఇప్పి మళ్ళా కట్టుకున్న్యాడు. ఆ పైన, 'వాళ్ళావిడకి ఏడో నెలంట కదండీ, ఫోను నా మూలానే పోయింది' అని తల ఒంచుకున్న్యాడు. పాతది ఒకటి ఉండాదంటే తీసుకొస్తి. నీకు చెప్పద్దన్న్యాడు, నువ్వు ఇసిరికొడ్తావని."

"గా మంచం గూడ గిట్లనేనా?"

"అంతే." తిరుపాలు గుడ్డ పిండుతూ అన్నాడు. "అందరూ ఇంటికి పోవాలంటారు. లేదంటే ఎవురిదో తల పగలాలంటారు. అవన్నీ నా చేతిలో ఉండాయా అప్పా? నేను బస్సు డ్రైవర్ని. అడగంగా అడగంగా మూడోదో నాలుగోదో నాతో అయ్యేది ఒకటి వస్తాది. దాని కోసరం తిట్లు పడతాండా, అంతే."

భూమేష్ ఇంకో గుడ్డ తీసుకుని కిటికీలు తుడిచాడు.

శుక్రవారం భోజనాలయ్యాక ఓట్లు పడ్డాయి. అరవై చీటీలూ బియ్యం డబ్బాలోకి చేరాయి. తిరుపాలు కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో చీటీ చదువుతుంటే, హమీదుద్దీన్ గోడకు అంటించిన అట్ట మీద రాశాడు. మొదటి పేర్లు ముప్పై, ముప్పై. అనుకున్నదే. చీటీలన్నీ మళ్ళీ డబ్బాలో వేసి రెండో పేర్లు మొదలుపెట్టాక గదిలో గాలి బిగుసుకుంది. భూమేష్‌కు ఎదుటివాళ్ళ నుంచి పది, పన్నెండు, పదిహేను... పదిహేడు దగ్గర ఆగింది. దానియేలుకూ ఇటువాళ్ళ నుంచి పదిహేడు వచ్చాయి. డబ్బాలో ఒక్క చీటీ మిగిలింది.

తిరుపాలు దాన్ని విప్పి, వెలుతురులో పెట్టి చదివాడు. "మొదటిది భూమేషు. రెండోది దానియేలు. మూడోది నర్సింలు."

తర్వాత చాలాసేపు అర, మూడో వంతు అంటూ గొణిగి లెక్క చెప్పాడు. "దానియేలుకు నలభై మూడు. భూమేషుకు నలభై రెండూ, ఆరింట అయిదు వంతులు. నర్సింలుకు ఇరవై నాలుగూ, ఆరో వంతు. ఆరో వంతు తేడాతో దానియేలు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇటువైపు బల్ల దగ్గర రాజేందర్ అనే వేడి మనిషి ఒక్క ఉదుటున లేచాడు. చేతిలో స్టీలు గరిటె ఉంది. "మనోళ్ళల్ల ఎవడురా ఆనికి రెండోది రాసింది? పద్దెనిమిది మంది! ఎవడో చెప్పుండ్రి!"

అటువైపు కూడా పది మంది లేచారు. హమీదుద్దీన్ మళ్ళీ ఫోను తీశాడు.

"గరిటె కింద పెట్టు" అన్నాడు భూమేష్. "ఆ ఆఖరు చీటీ నాదే. నా చేతిరాత నాకెరుకే."

"నువ్వా! నీకు నువ్వే ఓడినవా?"

"నేను ఆనికి మూడోది రాస్తే ఇద్దరం సమానమయ్యెటోళ్ళం. ఇప్పుడు నీ చేతిల గరిటె ఉండె, ఆళ్ళ చేతుల ఇంకేదో ఉండె. మనల ఎవలో ఒకలు ఎయిర్‌పోర్టుకు పోయెటోళ్ళు. దానియేలు మంచోడే. రెండో నంబరుకు పనికొస్తడు."

వెనక నుంచి ఎవరో చిన్నగా, "నేను గూడ ఆనికే రాసిన" అన్నాడు. "నేను గూడ" అన్నాడు ఇంకొకడు. అటు బల్లల నుంచి కూడా "నేను భూమేష్‌కి రాశానండీ" అనడం మొదలైంది. ఒప్పుకున్నవాళ్ళను హమీదుద్దీన్ లెక్కపెడితే ఇటువైపే ఇరవై మూడు మంది తేలారు. చీటీలు మాత్రం పద్దెనిమిదే. రాజేందర్ కూడా చివర్లో గరిటెతో తల గోక్కుంటూ చెయ్యెత్తాడు.

అందరికన్నా సంతోషించినవాడు నర్సింలు. "ఇరవై నాలుగా? నాకా? మా ఇంటోళ్ళంత కలిసినా గంతమంది లేరే!" అని ఊరికి ఫోను చేసి, తల్లి రాములవ్వకు గెలిచానని చెప్పాడు. గల్ఫంతా దుబాయే అనుకునే ఆమె, దుబాయ్‌లో కొడుకు ఎలక్షన్లు గెలిచాడని వాడంతా చక్కెర పంచింది.

దానియేలు నెమ్మదిగా నడిచి వచ్చి భూమేష్ ఎదురుగా నిలబడ్డాడు. "నాకు హిందీ సరిగా రాదు. ఆ మేనేజర్లతో తెలుగులో ఏం మాట్లాడను? నువ్వు కూడా రావాలి" అన్నాడు.

"నేనొస్తే ఆళ్ళు ఒప్పుకుంటరా?"

"ఒప్పుకోకపోతే నేనూ కూర్చోను."

ఒప్పుకున్నారు. దోహాలో దానియేలు పాయింట్లు చెబితే భూమేష్ హిందీలో గట్టిగా అనేవాడు. అవసరమైన చోట దానియేలు అన్నదానికన్నా కాస్త ఎక్కువే అనేవాడు. పదకొండు రోజులకు కూలరు బాగయింది. ఆ వెనకే బస్సుకు కొత్త ఏసీ బిగించారు.

మొదటి రోజు బస్సు ఎక్కినప్పుడు ఎవరు ఎటు కూర్చున్నారో ఎవరూ చూసుకోలేదు. చల్లగాలి ముఖానికి తగిలేసరికి కళ్ళు మూతలు పడ్డాయి. పావుగంట గడిచింది. ముందు సీట్లో తిరుపాలు తువ్వాలు తీసి చెవులకు చుట్టుకున్నాడు. ఇంకో పది నిమిషాలకు భుజాలు ముడుచుకున్నాడు. ఎండలో పుట్టి ఎండలో పెరిగిన మనిషికి పళ్ళు టకటకలాడుతున్నాయి.

"అప్పా, సలి పెడతాంది. రోంత తగ్గిస్తానే" అని ఏసీ మీట మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"మాఫీ! కుదరదు!" అని అరబ్బీ, తెలుగూ కలిపి బస్సంతా ఒక్క గొంతుతో అరిచింది. అరవై మందీ. భూమేష్ లేచి తన చొక్కా విప్పి తిరుపాలు వీపు మీద కప్పాడు. వెనక నుంచి దానియేలు తన టోపీ అందించాడు.